టోకు వర్తకము: తంతి మొదలు అంతర్జాలము వఱకు

మన మహాసభ సంచికలలో కులవృత్తాంతములు, దాతల చరిత్రములు, విద్యార్థి వసతిగృహముల నివేదికలు ఏటేట ప్రకటింపబడుచుండుట చదువరులకు విదితమే. ఈ పర్యాయము వర్తక విషయమున చారిత్రక వ్యాసమొకటి వ్రాయవలసినదని సంపాదకవర్గము వారు మమ్ము కోరిరి. మన సంఘీయులలో టోకు వర్తకులును, అడితిదారులును, మిల్లుల యజమానులును, చిన్న చిన్న కర్మాగారములు నడుపువారును పెక్కుమంది గలరు. వారి యిండ్లలో నేడు తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి యున్నది. ఒక వర్తకుడు మఱియొక వర్తకునకు సరకు అమ్ముట సైతము అంతర్జాలమునకు ఎక్కిన పిమ్మట, మూడు తరముల నుండి తెఱచియున్న మన కొట్టు నిలుచునా, నిలువదా? ఇందులకు జోస్యము చెప్పుట మా పని కాదు. ఈ మార్పు ఎక్కడ పుట్టినదో, ఏ త్రోవను నడచినదో, నడచుచు ఎవరిని పైకి దెచ్చి ఎవరిని ప్రక్కకు నెట్టినదో తెలుపుట మాత్రమే మేము పూనుకొన్న పని.

ముందుగా టోకు బేరమునకును చిల్లర బేరమునకును గల భేదమును గుర్తింపవలెను. చిల్లర కొనువాడు కంటికి నచ్చిన వస్తువును చేతబట్టుకొని రొక్కమిచ్చి పోవును. టోకు కొనువాడట్లు కాదు. మచ్చు చూచును, ధర తేల్చుకొనును, ముద్దతు అడుగును, లారీ బిల్టీ చేతికి వచ్చిన పిదప సరకు విడిపించుకొని, నెలకో రెండు నెలలకో సొమ్ము పంపును. ఒకే సరకునకు పాత ఖాతాదారుని ధర వేఱు, క్రొత్తవాని ధర వేఱు. పది బస్తాల ధర వేఱు, లారీ నిండు సరకు ధర వేఱు. ఇన్ని మడతలు గల బేరమును మనిషి ముఖము చూడకుండ, సరకు తాకకుండ నడిపించుట యెట్లు? ఈ చిక్కు అంతర్జాలముతో పుట్టినది కాదు. దూరదేశ వర్తకము ఎంత ప్రాచీనమో ఇదియు నంత ప్రాచీనము.

మన దేశముననే దీనికి చక్కని సాక్ష్యము శిలపై చెక్కబడి యున్నది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలమున గొప్ప ఓడరేవు. మార్కోపోలో తన గ్రంథమున ముత్ఫిలి యని పేర్కొన్నది ఈ రేవునే యని చరిత్రకారులు చెప్పుదురు. ఇక్కడ గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున అభయశాసనము వేయించెను. గాలివానలకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకునంతయు పూర్వపు రాజులు బలిమిని లాగుకొనుచుండిరనియు, తాను మాత్రము నియమిత సుంకమును దక్క మఱేమియు తీసికొననియు ఆ చక్రవర్తి వాగ్దానము చేసెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట నొక వంతు. ఈ శాసనమును దయాధర్మముల దృష్టితో కొనియాడువారు కలరు, కొనియాడదగినదే. కాని వర్తకుని కంటితో చూచినచో నందొక గట్టి లెక్క యున్నది. ముఖము తెలియని పరదేశి వర్తకుడు రావలెనన్న, ఎంత చెల్లింపవలెనో ముందే తెలిసియుండవలెను. చెల్లించిన పిదప సరకు తనదే యను భరోసా యుండవలెను. ఆ కాలపు శాసనములలో కనబడు ఉభయ నానాదేశి పెక్కండ్రు అను వర్తక శ్రేణులు చేసినదియు నిట్టి పనియే. శ్రేణిలోని వాడన్నచో వాని మాటకు శ్రేణి పూచీ. కట్టు తప్పినవానికి శ్రేణిలో చోటు లేదు.

శ్రేణుల పిదప ఆ పూచీని హుండీ మోసెను. దర్శని హుండీ చూపినంతనే చెల్లవలెను. ముద్దతి హుండీ గడువు తీరిన పిదప చెల్లవలెను. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము సైతము దేశభాషలలో వ్రాయబడు హుండీల విషయమున స్థానిక వాడుకలను త్రోసిపుచ్చక విడిచిపెట్టెను. తరువాత తంతి వచ్చెను. 1850 దశకమున మన దేశమున ప్రజలకందుబాటులోనికి వచ్చిన తంతి 2013 జులైలో మూతపడువఱకు వర్తకులకు ప్రాణసమానముగ నుండెను. తంతి కూలి మాటల లెక్కను గనుక వర్తకులు సంకేత నిఘంటువులను వాడిరి. ఒక్క మాట పంపినచో అవతలివాడు తన పుస్తకము తిరుగవేసి "ఫలానా సరకు ఫలానా ధరకు ఒప్పితిమి, వెంటనే పంపుడు" అను పూర్తి వాక్యమును చదువుకొనును. ఇరువురి చేతను ఒకే పుస్తకముండుటయే ఇందలి కీలకము. చదువరులు ఈ సంగతిని కొంచెము జ్ఞాపకముంచుకొనవలెనని మా ప్రార్థన. అంతర్జాలమున టోకు వర్తకము సాగుట కాధారమైనదంతయు ఈ ఒకే పుస్తకము కథయే.

ఆ కథలో రెండవ అధ్యాయము బెర్లిన్ నగరమున జరిగెను. 1948 జూన్‌లో సోవియటు వారు పశ్చిమ బెర్లిన్‌కు పోవు త్రోవలన్నియు మూసివేయగా, అమెరికా, బ్రిటన్ మొదలగు దేశముల వారు విమానములపై తిండి, బొగ్గు చేరవేసిరి. 1949 సెప్టెంబరు వఱకు సాగిన ఆ పనిలో ఇరువది లక్షల టన్నులకు పైబడిన సామగ్రి పోయెను. ఏ విమానములో నేమి యున్నదో తెలుపు పట్టీలు ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరున, ఒక్కొక్కప్పుడు వేర్వేఱు భాషలలో వచ్చుచుండగా, ఎడ్వర్డ్ గిల్బర్ట్ అను అమెరికా సైన్యాధికారి, టెలెక్సు మీదనైనను, రేడియో మీదనైనను, టెలిఫోను మీదనైనను పంపుట కనువైన ఒకే తీరు పట్టీని ఏర్పఱచెను. యుద్ధము ముగిసిన పిదప పుట్టిన ఆపదలో పుట్టిన ఆ పట్టీయే తరువాత వర్తకమున ప్రవేశించెను. 1968లో అమెరికాలోని రైల్వే, రవాణా సంస్థలు కలిసి ఒక సంఘముగ నేర్పడి, ఆర్డరు కాగితములను, బిల్లులను కంప్యూటరు నుండి కంప్యూటరునకు పంపుటకు ఒక కట్టడి వ్రాయ మొదలిడెను. 1975లో ఆ కట్టడి మొదటిసారి అచ్చుపడెను. 1987లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యవమున దేశదేశములకు చెల్లునట్టి కట్టడి ఏర్పడెను. దీనికి ఈ.డి.ఐ. అని పేరు. గుమాస్తా ఒకచోట టైపు చేసిన ఆర్డరును మఱొకచోట మఱొక గుమాస్తా తిరిగి టైపు చేయనక్కఱలేకపోవుట దీని లాభము. పైకి స్వల్పముగ తోచునుగాని, వేలకొలది బిల్లులు వ్రాయు కంపెనీలో తప్పులును, తగవులును, జీతములును దీనిచే నెంత తగ్గునో లెక్కలు వ్రాయించినవారే యెఱుగుదురు.

ఇట్టి యేర్పాటు చేతనుండుటచే నొక అమ్మకందారు ఎట్లు పైకి వచ్చెనో తెలిసికొనుటకు అమెరికన్ హాస్పిటల్ సప్లయి అను కంపెనీ వృత్తాంతము మిక్కిలి యుపయుక్తము. ఇది వైద్యశాలలకు దూది, సూదులు, గాజు పరికరములు మొదలగునవి టోకున అమ్ము కంపెనీ. 1970 దశకమున ఇది తన ఖాతాదారులైన వైద్యశాలలలో టెలిఫోను తీగకు తగిలించిన పరికరములు పెట్టించెను. వైద్యశాల గిడ్డంగి గుమాస్తా వస్తువు సంఖ్య కొట్టినంతనే సరకు ఉన్నదో లేదో తెలియును. ఆర్డరు నేరుగ కంపెనీ గిడ్డంగికి చేరును. పరికరమున్నచోటనుండియే కొనుట సుకరము గనుక, ఇతర వర్తకులు వచ్చి తలుపు తట్టు నవకాశమే సన్నగిల్లెను. దీనిని గొప్ప తెలివిగా వర్తకశాస్త్ర బోధకులు చిరకాలము పాఠములు చెప్పిరి. అయితే కొనువారును తెలివి తక్కువవారు కారు. పోటీ కంపెనీలును తమ తమ పరికరములు తెచ్చిపెట్టగా, బల్ల మీద యంత్రములు పెరిగి, ఒకే చోట అందఱి సరకును కనబడవలెనని వైద్యశాలలు పట్టుబట్టెను. 1985లో ఆ కంపెనీ బాక్స్టర్ వారిలో కలిసిపోయిన పిదప, 1980 దశకాంతమున పలువురి సరకు ఒకే పరికరముపై దొరకు పద్ధతికి మారవలసివచ్చెను. అమ్మకందారుడు తన గుమ్మమునకు వేసికొన్న గొళ్ళెమును కొనుగోలుదారులే ఊడదీసిరి.

అటుపిమ్మట అంతర్జాలము వచ్చెను. మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగస్టు 15వ తేదీన సామాన్య ప్రజలకు దానిని తెఱచిరి. మఱుసటి సంవత్సరమే, అనగా 1996లో, దినేశ్ అగర్వాల్ గారు ఇండియామార్ట్‌ను స్థాపించిరి. మొదట అది కేవలము ఎగుమతి వర్తకుల చిరునామాల పట్టిక. విదేశముల నుండి విచారణలు వచ్చినచో, ఇక్కడి వర్తకులలో అనేకులకు అంతర్జాలమే లేనందున, వానిని కాగితముపై దించి ఫాక్సు ద్వారా పంపుచుండిరట. 2008 ప్రాంతమున విదేశ వర్తకము మందగించిన తరుణమున వారు స్వదేశ వర్తకము వైపునకు మఱలిరి. 2019లో వారి వాటాలు స్టాకు మార్కెట్టునకు వచ్చెను. చీనా దేశమున హాంగ్‌చౌ నగరములో 1999లో జాక్ మా గారును ఆయన సహచరులును, అంతయు పదునెనిమిది మంది, ఒక యింటి గదిలో ఆలీబాబాను ఆరంభించిరి. చీనాలోని చిన్న కర్మాగారముల సరకును విదేశీ టోకు వర్తకులకు చూపుట దాని మొదటి పని. చిల్లర వర్తకమునకు వారు పిమ్మటనే దిగిరి.

ఆ రోజులలోనే పెద్దలు చేసిన ప్రయత్నమొకటి బెడిసికొట్టెను. 2000వ సంవత్సరమున జనరల్ మోటార్స్, ఫోర్డ్, డైమ్లర్ క్రైస్లర్ కంపెనీలు కలిసి కోవిసింట్ అను అంతర్జాల విపణిని ప్రకటించెను. మోటారుబండ్ల భాగములను తయారుచేయువారందఱు అందులోనికి వచ్చి, ఒకరికంటె నొకరు తక్కువ ధర పాడవలెనని యుద్దేశము. మామూలు వేలములో కొనువారు ధర పెంచుచు పోవుదురు. ఈ తలక్రిందుల వేలములో అమ్మువారు తగ్గించుచు పోవలెను. తమ మెడకు తామే త్రాడు బిగించుకొనుటకు ఎవడు పరుగెత్తివచ్చును? భాగములు చేయువారు వెనుకాడిరి. 2004లో ఆ సంస్థ ముక్కలై ఇతరుల చేతికి పోయెను. యంత్రములు, ధనము, పేరు అన్నియు నుండియు ఒక పక్షము వారికే లాభము కలుగు విపణి నిలువలేదు.

ఆలీబాబాకును గడ్డుకాలము రాకపోలేదు. సొమ్ము కట్టిన అమ్మకందారులకు వారు "బంగారు సరఫరాదారు" అను ముద్ర వేయుచుండిరి. ఆ ముద్రను నమ్మి దూరదేశముల వారు సొమ్ము పంపగా సరకు రాలేదను ఫిర్యాదులు పెరిగెను. విచారింపగా 2009లో 1,219 మందియు, 2010లో 1,107 మందియు ముద్ర గల అమ్మకందారులు మోసములకు పాల్పడినట్లు తేలెను. కంపెనీ యుద్యోగులే కొందఱు అమ్మకపు లక్ష్యముల కోసము అట్టివారిని లోనికి రానిచ్చిరనియు బయటపడెను. 2011 ఫిబ్రవరిలో ఆ శాఖ ప్రధానాధికారి డేవిడ్ వై గారు రాజీనామా యిచ్చిరి. సరకు అందువఱకు సొమ్మును మధ్యవర్తి చేతనుంచు పద్ధతి తరువాతి కాలమున ప్రబలుటకు ఇట్టి యనుభవములే కారణము. మన పెద్దలు సంచకరమిచ్చి బేరము ఖాయపఱచుకొని, తక్కిన సొమ్మును సరకు చేరిన పిదప ఇచ్చుచుండిన పద్ధతికి ఇది చాలదూరము కాదు.

మన దేశమున టోకు వర్తకమును అంతర్జాలము మీదికి ఎక్కించినది వర్తకుల యుత్సాహముకంటె ప్రభుత్వ శాసనములే యని మా యభిప్రాయము. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము కంప్యూటరులోని వ్రాతకును, అందలి సంతకమునకును న్యాయస్థానములలో విలువ కల్పించెను. 2017 జులై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చెను. పన్ను భారమును గూర్చి ఎవరెన్ని చెప్పుకొన్నను, పదునైదు అక్షరముల ఆ నమోదు సంఖ్య టోకు వర్తకమున తెచ్చిన మార్పు చిన్నది కాదు. సంఖ్య మొదట 36 ఉన్నచో తెలంగాణ, 37 ఉన్నచో ఆంధ్రప్రదేశము. ముఖమెఱుగని వర్తకుని సంఖ్య నడిగి, వాని నమోదు సజీవముగ నున్నదో లేదో, వాని పేరేమో క్షణములో చూచుకొనవచ్చును. అమ్మినవాడు లెక్క చూపినగాని కొన్నవానికి కట్టిన పన్ను జమ పడదు గనుక, కొనువాడే అమ్మువాని నడవడిని కనిపెట్టియుండును. 2020 అక్టోబరులో ఐదు వందల కోట్ల వ్యాపారము మించినవారికి విధింపబడిన ఇ-ఇన్వాయిసు, 2023 ఆగస్టు నాటికి ఐదు కోట్లు మించినవారి వఱకు దిగివచ్చెను. బెర్లిన్ నాటి ఒకే తీరు పట్టీ మన ఊరి ఇనుప కొట్టువఱకు వచ్చినదన్నమాట. ప్రభుత్వమును కొనుగోలుదారుగా అంతర్జాలమునకు వచ్చెను. 2016 ఆగస్టులో జెమ్ అను విపణి ఆరంభము కాగా, దశాబ్దములుగ కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళు చూచిన డి.జి.ఎస్. అండ్ డి. శాఖ 2017 అక్టోబరు 31న మూతపడెను. నాడు ఢిల్లీ కచేరీల మెట్లెక్కిన దళారులకే దక్కిన కాంట్రాక్టులకు చిన్న ఊళ్ళ కుర్చీల కర్మాగారము వారును ఇంటినుండి ధర వేయగలుగుట మేలైన సంగతియే.

సరుకుల మార్కెట్టులలో నీ మార్పు ఎట్లు కనబడునో చూడగోరువారు నిజామాబాదు యార్డునకు పోవలెను. 2016 ఏప్రిల్ 14న జాతీయ వ్యవసాయ విపణి, అనగా ఇ-నామ్, ఆరంభమైనపుడు మొదటి దశలోనే చేరిన యార్డులలో నిజామాబాదు ఒకటి. పూర్వము అనేక మార్కెట్టులలో దళారి పైగుడ్డ క్రింద చేయి పెట్టి, కొనువాని వ్రేళ్ళు నొక్కి ధర చెప్పుచుండెను. ప్రక్కనున్న రైతునకు తన సరకు ధర తనకే తెలియని స్థితి. క్రొత్త పద్ధతిలో పసుపు రాశి గేటు దగ్గఱనే సంఖ్య పొందును. కొమ్ము వేఱు, మండ వేఱు. తేమ యెంతయో, నాణ్యమెట్లున్నదో పరీక్షించి వ్రాయుదురు. లైసెన్సు గల వర్తకులు గడువులోపల తమ తమ ధరలు ఫోనుమీద వేయుదురు. ఒకరి ధర ఒకరికి కానరాదు. గడువు తీరిన పిదప హెచ్చు ధర వానికి సరకు. 2020 మే నాటికి దేశమున వేయి యార్డులు ఇందు చేరెను. అయినను ఒక మాట చెప్పక తప్పదు. దూరపు వర్తకుడు పరీక్షపత్రమును నమ్మి ధర వేయుట ఇంకను ఆ పరీక్ష ఎంత నమ్మకముగ జరుగునో దానిపై నాధారపడి యున్నది. పసుపు కొమ్మును విఱిచి చూచి, వాసన చూచి ధర చెప్పు వర్తకుని కన్ను నేటికిని యార్డులో విలువ కోల్పోలేదు. మచ్చు నమ్మకమైనచోట మాత్రమే తీగ మీద బేరము సాగును.

మన యువకులు "మేమును అంతర్జాలమున టోకు అమ్మదలచితిమి, ఏమి చేయవలె"నని అడుగుచుందురు. పై చరిత్రలోనే సమాధానము చాల వఱకు ఉన్నది. సరకు పేరు వ్రాసి బొమ్మ పెట్టినంత మాత్రమున టోకు కొనువాడు రాడు. కొలతలు, మందము, బరువు, నూలు నంబరు, పెట్టెకు ఎన్ని, కనీసము ఎంత కొనవలెను, ఎన్ని దినములలో పంపగలరు, ఏ పన్ను శీర్షిక క్రిందికి వచ్చును, ఇవి యన్నియు కొనువాని గుమాస్తా తన పుస్తకములో ఎక్కించుకొనుటకు వీలుగ నుండవలెను. ధర ఒక్కటే బహిరంగముగ వ్రాయనక్కఱలేదు; పరిమాణమును బట్టి మెట్లుగా వ్రాయవచ్చును, పాత ఖాతాదారునకు విడిగ చూపవచ్చును. విచారణ వచ్చిన దినముననే బదులీయవలెను. ఏలయన ఒకే విచారణను ఆ స్థలముల వారు పలువురు వర్తకులకు అందించుచుందురు. ఆలస్యముగ మేల్కొన్నవానికి మిగులునది లేదు. మచ్చు పంపుటకు వెనుదీయరాదు. క్రొత్త చేతికి మొదటి సరకు అరువు మీద పంపరాదు. ఇవి మన తాతలును చెప్పిన మాటలే.

ఇక మనలను నిజముగ బాధించు విషయమునకు వత్తము. 2016లో బెంగుళూరున పుట్టిన ఉడాన్ వంటి కంపెనీలును, పెద్ద వర్తక సంస్థల టోకు శాఖలును చిల్లర కొట్టులకు నేరుగ సరకు పంపసాగిన పిదప, మధ్యనున్న పంపిణీదారునకు ముప్పు వచ్చెను. కంపెనీలు తమ పంపిణీదారునకిచ్చు ధరకంటె తక్కువకు ఈ క్రొత్తవారికి ఇచ్చుచున్నవని అఖిల భారత వినియోగ వస్తు పంపిణీదారుల సమాఖ్య 2021 డిసెంబరులో కంపెనీలకు వ్రాసి, ధరలు సమము చేయనిచో 2022 జనవరి నుండి సహాయనిరాకరణ చేయుదుమని తెలిపెను. కొన్నిచోట్ల సరకు ఎత్తుట మానిరికూడ. ఈ తగవులో న్యాయము పంపిణీదారుల పక్షముననే యుండెనని మేమనుకొందుము. ధర తగ్గింపు నిజమైన పొదుపువలన వచ్చినచో అది వర్తకధర్మము. పెట్టుబడిదారుల సొమ్ము కుమ్మరించి, పోటీవాడు మూతవేసికొనువఱకు నష్టమునకు అమ్ముట వేఱు సంగతి. అంతకంటె గమనింపవలసినది ఖాతా. మన కొట్టులో ఏ ఊరివాడు ఏ నెలలో ఎంత కొనునో, ఎవని మాట చెల్లునో, ఎవడు గడువు తప్పునో ఆవర్జాలో వ్రాసియుండును. అది మన సొత్తు. పరాయివారి విపణి ద్వారా అమ్మినపుడు ఆ ఆవర్జా వారి యింట వ్రాయబడును. కొంతకాలమునకు వారు మన ఖాతాదారునకు నేరుగ సరకు చూపినచో మనమేమి యనగలము? కావున అట్టి చోట్ల అమ్మకము సాగించుచునే, ఖాతాదారుల పట్టికను, వారితో ఉత్తర ప్రత్యుత్తరములను స్వంతముగ నిలుపుకొనుట, వీలైనచో పది కొట్టులవారు కలిసి తమ స్థలమును తామే యేర్పఱచుకొనుట మంచిదని మా తలంపు.

సొమ్ము వసూలు విషయమున చట్టము కొంత అండ నిచ్చినది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము చిన్న సంస్థ వద్ద సరకు కొన్నవాడు ఒప్పందముండినను 45 దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెను. మించినచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, నెలనెల చక్రవడ్డీగ పడును. 2023 ఆర్థిక శాసనము ద్వారా, గడువు మీఱి బాకీయున్న సొమ్మును కొనువాడు చెల్లించిన సంవత్సరముననే ఖర్చుగా చూపవలెనని ఆదాయపు పన్నులోను కట్టడి చేసిరి. దానితో మార్చి నెలలో పాత బాకీలు కదలుట చాలమందికి అనుభవమునకు వచ్చెను. కాని ఈ రక్షణ వస్తువులు తయారుచేయువారికిని, సేవలందించువారికిని కల్పింపబడినది. 2021 జులైలో టోకు, చిల్లర వర్తకులను ఉద్యమ్ నమోదులోనికి రానిచ్చినపుడు, వారికి ప్రాధాన్యరంగ ఋణముల లాభము మాత్రమే కలదని ప్రభుత్వము స్పష్టపఱచెను. కావున మన సంఘీయులలో నూనె మిల్లు, నేత మగ్గము, ప్లాస్టిక్ కర్మాగారము నడుపువారు బిల్లుపై తమ ఉద్యమ్ సంఖ్య తప్పక అచ్చువేయించుకొనవలెను. కేవలము కొని అమ్మువారు తమ ముద్దతును, వడ్డీని ఆర్డరు పుచ్చుకొను నాడే వ్రాతమూలకముగ కొనువాని చేత నొప్పించుకొనవలెను. ఈ భేదమును తొలగింపుమని కోరు తీర్మానము మహాసభ వర్తక శాఖ ముందునకు వచ్చునేని, దానిని బలపఱచుటకు మేము సిద్ధముగ నున్నాము.